వెనక్కి పిలిచే దూరం

మా గల్లీ మలుపులో చీరల దుకాణం గోడ మీద ‘ఆఖరి మూడు రోజులు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆయిల్ పెయింటుతో రాయించారు. ఎండకూ వానకూ పోకుండా మీద వార్నిష్ కూడా కొట్టించారు. నేను డిగ్రీలో చేరినప్పుడు ఆ రాత అక్కడే ఉంది. డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడూ అక్కడే ఉంది. నా మొదటి పాఠానికి ఉదాహరణ వెతుక్కునే పని లేకపోయింది.

నేను చెప్పే పాఠానికి సిలబస్‌లో గంభీరమైన పేరొకటి ఉంది. మామూలు మాటల్లో, మనల్ని ఎవరైనా ఒప్పిస్తున్నప్పుడు ఏం చేసి ఒప్పిస్తున్నారో కనిపెట్టడం. సబ్బు ప్రకటనలో పసిపాప ఎందుకు నవ్వుతుంది, పళ్లపొడి అమ్మేవాడు తెల్లకోటు ఎందుకు వేసుకుంటాడు, మైకు పట్టుకున్నాయన ముందుగా ‘అక్కలారా’ అని ఎందుకంటాడు, ఇలాంటివి. పరీక్షలో పనికొస్తుంది. జీవితంలో పనికొస్తుందా మేడమ్ అని ఒక పిల్లాడు అడిగితే, తప్పకుండా వస్తుందని చెప్పాను. అప్పటికింకా నా పెళ్లి మాటలు మొదలు కాలేదు.

ఎవరి గల్లీలో విన్న మాటలు వాళ్లు తీసుకురమ్మని తరగతిలో ఇంటిపని ఇస్తుంటాను. పాత ఇనుము కొనే ఆటోలో మోగే రికార్డు నుంచి పురానాపూల్ దగ్గర కమలాపళ్లు అమ్మేవాడి కేక దాకా వస్తాయి. ఒకమ్మాయి మాత్రం వాళ్ల నానమ్మ మాటలు రాసుకొచ్చింది. సందర్భం బీరకాయ కూర. మొదట, తినకపోతే చూపు తగ్గుతుందన్నది. అది భయపెట్టడం. తర్వాత, ఎదురింటి పిల్ల రెండోసారి వడ్డించుకుని తింటుందన్నది. అది పోల్చడం. చివరికి, ‘నేనెన్ని రోజులుంటనే, తిను’ అన్నది. ఆ మూడోదానికి పాఠ్యపుస్తకంలో పేరు దొరకలేదు. ఆ అమ్మాయికి మార్కులు మాత్రం పూర్తిగా ఇచ్చాను. బీరకాయ తిన్నావా అని అడిగితే, తిన్నానంది.

ఈ పాఠాలన్నీ నేను ముందురోజు సాయంత్రం మా దుకాణంలో కూర్చుని పైకి చదువుకుంటూ తయారు చేసుకునేదాన్ని. మాది పురానాపూల్ దగ్గర పాలు, పెరుగు అమ్మే దుకాణం. పాలు తేవడం బాపు పని. మిగిలిన లోకవ్యవహారమంతా అమ్మ పని. నా పాఠాలు విని విని అమ్మకు ఒప్పించే పద్ధతులన్నీ వచ్చేశాయి. బోనాల పండుగప్పుడు మా బస్తీ నాయకుడు స్టేజీ ఎక్కి, “నేను లీడర్ని కాదమ్మా, మీ ఇంటి బిడ్డను” అని గొంతు తడిగా చేసుకున్నాడు. చుట్టూ చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది. కొడుతూనే నా చెవిలో, “మనింటి బిడ్డైతే నల్లా ఎప్పుడొస్తదో తెల్వదా? రేపు పొద్దుగాల బిందె పట్టుకొని నిలవడుమను” అంది.

అమ్మకు తనదైన విద్య ఒకటుంది. అది లాడ్ బజార్‌లో నేర్చుకున్నది. గాజుల దుకాణంలో కూర్చుని నచ్చినవాటిని చివరిదాకా ముట్టుకోదు. నచ్చనివాటి ధర అడుగుతుంది. తర్వాత నచ్చినవాటి వైపు దయతలిచినట్టు చూస్తుంది. దుకాణదారు ధర చెప్తే నవ్వుతుంది. తను చెప్తే ఆయన నవ్వుతాడు. అప్పుడు లేచి నిలబడుతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది. చెప్పులు వేసుకోవడానికి అమ్మకు ఎప్పుడూ పట్టనంత సేపు పడుతుంది. మెట్టు దిగి కొంగు సర్దుకుంటుంది. పక్క దుకాణం చేరేలోపు వెనక నుంచి కేక రావాలి. “అమ్మా, సునో, ఇధర్ ఆవో” అని. వస్తే, రాకతప్పనట్టు తిరిగి వెళుతుంది. రాకపోతే పక్క దుకాణంలో గాజులు చూస్తున్నట్టు నిలబడి ఇంకొంచెం సేపు అవకాశం ఇస్తుంది. పిలవకుండా తిరిగి వెళ్లడమనేది మాత్రం లేదు. అలా వెళ్లినవాళ్లకు ఆ గలగలలాడే గాజుల మధ్య ఇక గౌరవం ఉండదని అమ్మ నమ్మకం. చిన్నప్పటి నుంచి బాపూ నేనూ ఆమె లేస్తే లేచేవాళ్లం. ఏం కొంటున్నామో కూడా చూసేవాళ్లం కాదు.

పెళ్లి మాటలన్నాను కదా, అతను నాకు మా కాలేజీలోనే పరిచయమయ్యాడు. సెలవుల్లో బయటివాళ్లకు మాట్లాడే పద్ధతులు నేర్పే తరగతులు పెడతారు. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు, ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉందని చేరాడు. జేబులో ఉన్న ఏదో ఒక వస్తువును తరగతికి అమ్మి చూపించమన్నాను. ఒకాయన రుమాలు తీసి, దాని మీద వాళ్లమ్మ కుట్టిన పువ్వు గురించి చెప్పి సగం తరగతిని ఏడిపించాడు. ఇతని వంతు వచ్చింది. పెన్ను తీశాడు.

“ఇది పెన్ను. రాస్తది.”

కాసేపు చూశాను. “ఇంకా?”

“క్యాప్ జర లూజు ఉంటది,” అని కూర్చున్నాడు.

పాఠం ప్రకారం అది సున్నా మార్కుల ప్రసంగం. కానీ ఆ రోజు తరగతిలో అమ్మకానికి వచ్చిన వస్తువుల్లో నేను కొందామనుకున్నది అదొక్కటే.

కొన్నాళ్లకు పెళ్లి సంగతి అడిగినప్పుడు కూడా క్యాప్ గురించి ముందే చెప్పాడు. కోపం తొందరగా రాదని, వస్తే మాత్రం ఒక పూట మాట్లాడడని. నేను అలాంటి హెచ్చరికలేవీ ఇవ్వకుండానే సరేనన్నాను. మా వృత్తి వేరు.

ఇంట్లో చెప్పాను. బాపు ఒక్కటే అడిగాడు, “పాలు తాగుతడా?” టీ తాగుతాడని చెప్పాను. టీలో పాలుంటాయి కనుక బాపుకు అభ్యంతరం లేకపోయింది. అమ్మ మాత్రం మర్నాడు, కంచన్‌బాగ్ ఎంత దూరమని అడిగింది. ఆ చోటు ఆమెకు తెలియక కాదు.

అతని వాళ్లు ముందు మా ఇంటికి వచ్చి వెళ్లారు. తర్వాత మాటలు ఖాయం చేసుకోవడానికి మేం వాళ్ల ఇంటికి వెళ్లాం. మేం చేరేసరికి రాహుకాలం ఇంకా కొంచెం మిగిలి ఉందట. అతని అమ్మ గేటు దగ్గరికే కుర్చీలు తెచ్చి వేసి, మంచినీళ్లిచ్చి, “జరసేపు ఇక్కడనే కూసోండ్రి వదినా, మంచి గడియల లోపలికి పోదాం” అంది. దారిన పోయేవాళ్లు మమ్మల్ని చూస్తూ పోయారు. అమ్మకు ఆమె పద్ధతి నచ్చింది. “పట్టింపు ఉన్న మనిషి” అని బాపు చెవిలో మెచ్చుకుంది.

అతని నాన్నది కూడా అదే ఫ్యాక్టరీ. కొలిమి దగ్గర పని. ఏ మాటైనా ఒక్కసారి చెప్తాడు, రెండోసారి చెప్పే అవసరం రాకూడదన్నట్టు నెమ్మదిగా చెప్తాడు. అన్ని మాటలూ తేలిగ్గా కుదిరాయి. మా గల్లీలోనే షామియానా వేసి పెళ్లి చేయడం, వంట మా వాళ్లది, పాట వాళ్ల వాళ్లది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

“అన్నా, ఒక్కటే మాట.”

“చెప్పు చెల్లె.”

“పెండ్లయినంక ఒక ఏడాది పిల్ల, పిలగాడు మా ఇంట్లనే ఉండాలె. పైన అర్ర ఖాలీనే ఉన్నది.”

ఈ సంగతి నేనూ అప్పుడే విన్నాను. బాపు కూడా అప్పుడే విన్నట్టు బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది. పైగదిలో పాత పాల క్యాన్లు, పని చేయని కూలరు ఉన్నాయని నాకు తెలుసు. అతను నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

అతని నాన్న నిజంగానే ఆలోచించాడు. అక్కడే తేడా వచ్చింది. లాడ్ బజార్‌లో మొదటి ధరకు ఎవరూ ఆలోచించరు, వెంటనే నవ్వుతారు.

“అది కుదరది చెల్లె,” అన్నాడు. “పిలగానికి పొద్దుగాల డ్యూటీ. మాకు గూడ వాడొక్కడే.”

“జర సోంచాయించుండ్రి అన్నా.”

“సోంచాయించిన చెల్లె. కుదరది.”

“అయితే మాకు గూడ కుదరది అన్నా,” అంది అమ్మ. అని లేచింది.

ఆమె లేస్తే బాపు లేచాడు, మిగిలిన బిస్కెట్ నోట్లో వేసుకుని. నేనూ లేచాను. ఎందుకు లేచావని తర్వాత అతను చాలాసార్లు అడిగాడు. మా ఇంట్లో అలవాటని చెప్పాను. అమ్మ గడప దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది. గేటు దగ్గర కొంగు సర్దుకుంది. ఆటో దగ్గర నిలబడి వాళ్ల జామచెట్టుకు కాయలు ఎలా కాశాయో చూసింది. వెనక ఏదో మాట మొదలై ఆగినట్టనిపించింది. తర్వాత ఏమీ లేదు.

“పోదామా అమ్మా?” అన్నాడు ఆటో అతను.

“ఆగు భాయ్. ఏం అర్జంటు నీకు?”

ఆగాడు. ఎవరూ పిలవలేదు. ఆటో మలుపు తిరిగేదాకా అమ్మ తల బయట పెట్టి చూస్తూనే ఉంది. మలుపు తిరిగాక తల లోపలికి తీసుకుని, “పిలుస్తరు తియ్,” అంది, ఎవరూ అడగకుండానే.

ఆ తర్వాతి రోజుల్లో అమ్మ ఫోన్‌ను పెరుగు గిన్నెల పక్కన, కళ్లెదురుగా పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని ఫోన్ చేసి ఒప్పించాలనుకున్నవాళ్లు ఆ రోజుల్లో తక్కువేం లేరు. ప్లాటు కొనమన్నారు, లోన్ తీసుకోమన్నారు, ఆరోగ్యం గురించి భయపెట్టారు. ఫోన్ మోగిన ప్రతిసారీ అమ్మ చేయి కొంగుకు తుడుచుకుని, కాసేపు మోగనిచ్చి, తీరిక లేనట్టు ఎత్తేది. కంచన్‌బాగ్ నుంచి మాత్రం రాలేదు.

అతను నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. లాడ్ బజార్ సంగతి అతనికి వివరించడానికి నాకు ఒక తరగతి చెప్పినంత పనైంది.

“అంటే మీ అమ్మ వద్దని పోలేదా?”

“కాదు. పిలిపించుకోవాలని పోయింది.”

“మరి ఏడాది ఉండుమన్నది?”

“అది అడిగే ధర. అసలు ధర వేరే ఉంటది.”

“అసలు ధర ఏంది?”

“నాకు గూడ తెల్వదు.”

కొలిమి దగ్గర పనిచేసేవాళ్ల కొడుకు, ఏ లోహం ఎంత వేడికి కరుగుతుందో బోర్డు మీద రాసి ఉండే చోట పనిచేసేవాడు. పాపం.

“మా నాయినకు చెప్పి చూస్త,” అన్నాడు చివరికి. మర్నాడు చెప్పాడు. వాళ్ల నాన్న విని, “ఆడమనిషి నలుగురి ముందర ఒక మాట అని లేచింది. నువ్వు మాట మార్చుకో అని నేనెట్ల అంటరా? ఆమెకు మర్యాద ఉండదా?” అన్నాడట. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మంచివాళ్లతో ఉన్న చిక్కే ఇది.

ఇక మిగిలింది అమ్మను ఒప్పించడం. ఒప్పించడంలో నాకు మాస్టర్ డిగ్రీ ఉంది. ఆ సాయంత్రం అమ్మ గోరువెచ్చటి పాలలో తోడు వేస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

“వెనక గల్లీల పిల్ల సంబంధం గిట్లనే పంతానికి పోయి తప్పిపోయిందంట గద,” అన్నాను.

“ఇది భయపెట్టుడు,” అంది అమ్మ తలెత్తకుండా.

“వాళ్లింట్ల అందరు నిన్ను ఎంత మెచ్చుకుండ్రో తెలుసా?”

“ఇది పొగుడుడు.”

“ఈ రోజులల్ల అందరు జర సర్దుకపోతున్నరమ్మా.”

“అందరు అంటే ఎవరు? అడ్రస్ చెప్పు.”

దుకాణం ముందు నుంచి పాత ఇనుము ఆటో రికార్డు మోగించుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, ఏ పాఠమూ గుర్తుకు రాక, “అమ్మా, నాకు అతను కావాలె,” అన్నాను.

అమ్మ చేయి గిన్నె మీద ఆగిపోయింది.

“దీని పేరేంది?” అంది.

“దీనికి పేరు లేదు.”

అమ్మ ఆ గిన్నె మీద మూత పెట్టి, ఇంకో గిన్నె ముందుకు లాక్కుంది.

“పిలవకుండ నా అంతల నేను తిరిగి పోతే ఏమైతది? పిల్లను అగ్గువల ఇచ్చిండ్రు అనుకుంటరు. నేను పోయేది ఒక్క రోజు బిడ్డా. ఆ ఇంట్ల రోజు ఉండేది నువ్వు. అందుకే చూస్తున్న.”

“అసలు నీకేం కావాల్నమ్మా?”

“నాకేం గావాలె? నాకేం వద్దు.” అని లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి పైన గదిలో క్యాన్లు జరిపిన చప్పుడు వినిపించింది. ఏం చేస్తున్నావమ్మా అని కింద నుంచి అడిగాను. “ఎలుకలు జేరినయ్,” అంది. మర్నాడు చూస్తే గది కడిగి ఉంది. కిటికీకి కొత్త తెర కట్టి ఉంది. ఎలుకల కోసం కాబోలు.

ఆ వారంలోనే పక్కింటి పిల్ల శ్రీమంతానికి గాజులు కొనాలని లాడ్ బజార్ వెళ్లాం. అమ్మ ఎప్పుడూ వెళ్లే దుకాణమే. అక్కడి ముసలాయనను మేం చాచా అంటాం. అమ్మ కూర్చుంది, మొదట కనబడిన ఆకుపచ్చ గాజులు చూపించింది. చాచా ధర చెప్పాడు. నవ్వడానికి సిద్ధంగా పెదాలు కూడా విప్పాడు. అమ్మ పర్సు తీసి ఆ డబ్బులు ఆయన ముందు పెట్టింది.

చాచా ఆ డబ్బులు ముట్టుకోలేదు. నా వైపు చూశాడు. “అమ్మ తబియత్ ఠీక్ హై నా బేటీ?”

“బాగనే ఉన్న చాచా,” అంది అమ్మ.

“మరి ఒక మాట అన్న అడుగు. నేనే తగ్గిస్త, చలో.”

“వద్దు చాచా. నువ్వు చెప్పింది సరేనే.”

ఆయన ఒక క్షణం కంగారుపడి, మనసు మళ్లించడానికనుకుంటా, వెనక అర నుంచి ఒక పెట్టె దించాడు. “బేటీ షాదీ కా జోడా. నువ్వు చెప్పిన రోజే పక్కకు పెట్టిన. ఎవ్వరికి చూపియ్యలే. ఎప్పుడు తీస్కపోతరు?” ఎర్రటి లక్క గాజులు, మీద చిన్న చిన్న అద్దాలు. అమ్మ వాటిని ముట్టుకుంది. నచ్చినవాటిని అమ్మ ముట్టుకోవడం నేను చూడడం అదే మొదలు. ఒక గాజు తీసి నా చేతి పక్కన పెట్టి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసింది.

“ఉంచు చాచా. ఇంకెవ్వరికియ్యకు.”

లేచి చెప్పులు ఒక్కసారికే వేసుకుని మెట్టు దిగింది. పక్క దుకాణం దాటేశాం. వెనక నుంచి, “అమ్మా, సునో” అని కేక వచ్చింది. అమ్మ అలవాటుగా ఆగింది, ఆగి ఆశ్చర్యపోయింది, ఎందుకంటే బేరమే జరగలేదు. కొన్న గాజులు అక్కడే మరిచిపోయాం. చాచా పొట్లం పట్టుకుని ఎండలోకి వచ్చాడు.

పొట్లం చేతిలో పట్టుకుని అమ్మ అలాగే నిలబడింది. చుట్టూ జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. “బేరానికి గాదు, మరిసిపోయినందుకు పిలిచిండు,” అంది తనలో తాను. తర్వాత ఆటోను పిలిచింది. పురానాపూల్ అంటుందనుకున్నాను. కంచన్‌బాగ్ అంది. ఎంత అని ఆటో అతన్ని కూడా అడగలేదు. నాకప్పుడు నిజంగా భయమేసింది.

దారిలో అమ్మ పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఆటోల వెనక రాసే మాటలన్నీ చదువుతూ కూర్చుంది.

అతను డ్యూటీలో ఉన్నాడు. వాళ్ల నాన్న అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, జామచెట్టు కింద కాళ్లు కడుక్కుంటున్నాడు. అమ్మ గేటు బయటే నిలబడింది.

“పిలవకుండనే వచ్చిన అన్నా,” అంది.

ఆయన మగ్గు కింద పెట్టి, లోపలికి చూసి భార్యను కేకేశాడు. ఆమె చేతులకు పిండితో బయటికొచ్చింది. అమ్మను చూసి గబగబా గేటు దగ్గరికి వచ్చి, పిండి చేతులతోనే తీసింది.

“రా వదినా, లోపలికి రా. ఇన్ని రోజులు మీరు ఫోన్ చేస్తరేమో అని చూస్తనే ఉన్నం.”

“మీరు పిలుస్తరని మేం చూస్తున్నం వదినా. ఆ రోజు ఆటో దగ్గర ఎంతసేపు నిలవడ్డనో.”

“అయ్యో, ఎట్ల పిలుస్తం వదినా? శుభం మాట్లాడనీకి వచ్చి పోతున్నోళ్లను వెనక నుంచి పిలుస్తమా? ఎంత కీడు. ఈయన నోరు తెరిచిండు. నేనే చేయి పట్టి ఆపిన.”

“గుంజింది,” అన్నాడు ఆయన. “ఎదురుంగ పోయి పిలుస్త అన్న. అది గూడ వద్దన్నది.”

“ఎదురు పోతే ఇంకా మంచిగుండది,” అందామె.

అమ్మ జామచెట్టు కింద అరుగు మీద కూర్చుండిపోయింది. మొదట నవ్వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండ ఎక్కువగానే ఉంది ఆ రోజు.

“వెనక నుంచి పిలవనోళ్లను నేను మా బజార్ల చూడలే వదినా,” అంది. ఆ మాటకు అర్థం వాళ్లకు తెలియకపోయినా ఇద్దరూ తలూపారు. తర్వాత అమ్మ ఆయన వైపు తిరిగింది.

“అన్నా, నాకు ఏడాది వద్దు. ఆదివారం ఆదివారం ఇద్దరు మా ఇంట్ల బువ్వ తినాలె. పొద్దుగాల వచ్చి సాయంత్రం పోవాలె. పైన అర్ర కడిగిన. పిలగాడు జరసేపు పండుకోవచ్చు.”

“గంతేనా?”

“గంతే.”

“మరి ఏడాది అని ఎందుకన్నవ్ చెల్లె?”

“మొదటి మాటకే అసలు ధర ఎవరు చెప్తరన్నా?”

ఆయన మళ్లీ నిజంగా ఆలోచించాడు. “మా క్యాంటీన్ల అయితే బోర్డు మీదనే రాసి ఉంటది,” అన్నాడు, అది తమ తప్పయినట్టు. తర్వాత, “ఆదివారం వస్తరు. నేను మాటిస్తున్న,” అన్నాడు. ఒక్కసారే చెప్పాడు.

అమ్మ నా వైపు చూడలేదు. నా చేయి మాత్రం పట్టుకుని ఒళ్లో ఉన్న గాజుల పొట్లం మీద పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఎంత ధర పెట్టి ఆ ఒక్క పూట బువ్వ అడగాలో లెక్క తెలియక ఆ కోరికను మోస్తూ తిరిగిందని అప్పుడు అర్థమైంది. ఊళ్లో ఉన్న ప్రకటనలన్నీ విప్పి చూపించగలిగిన దాన్ని, ఇంట్లో ఉన్న మనిషి ‘నాకేం వద్దు’ అంటే దానికి పేరు పెట్టలేకపోయాను.

టీ తాగుతుండగా అతని నాన్న గొంతు సవరించుకున్నాడు. “చెల్లె, అందరు అడుగుతున్నరు గదా. నేను గూడ ఒకటి అడగాల్నా?”

“అడుగన్నా.”

“వాళ్లు వచ్చినప్పుడల్ల మీ దుకాణం పెరుగు ఒక గిన్నె పంపియ్యి. మొన్న మీ ఇంట్ల తిన్నంక మా ఇంట్ల పెరుగు నోటికి వస్తలేదు.”

“అర గిన్నె,” అంది అమ్మ. ఆ మాట ఆమె అనలేదు, అలవాటు అంది.

“సరే,” అన్నాడు ఆయన వెంటనే, సంతోషంగా.

అమ్మ ముఖం చూడాల్సింది. మనిషి ఇంకొంచెం అడగకుండా ఒప్పుకుంటే ఆమెకు ఎంత బాధో అప్పుడు తెలిసింది. మర్నాడు బాపు చేత పెద్ద గిన్నెడు పంపింది, మీగడ కదలకుండా పట్టుకోమని చెప్పి. దారి పొడుగునా బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట, దేవుడి విగ్రహంలాగా.

పెళ్లికి ఎర్ర లక్క గాజులే వేసుకున్నాను. వాటికి అమ్మ బేరం చేసింది. లేచి నిలబడింది, మెట్టు దిగింది, చాచా గట్టిగా పిలిచాడు. ఇద్దరి ఆరోగ్యమూ కుదుటపడింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తాం. మా ఆయన తిని పైగదిలో నిద్రపోతాడు. బాపు కూలరు బాగు చేయించాడు, అది నిద్రపోయే మనిషిని లేపేంత చప్పుడు చేస్తుంది, అయినా ఆయన నిద్రపోతాడు. నేను కింద కూర్చుని సోమవారం పాఠం చదువుకుంటాను. అమ్మ పెరుగు గిన్నెలు సర్దుతూ నా ఉదాహరణల్లో తప్పులు పడుతుంది.

సాయంత్రం బయల్దేరతాం. వియ్యపురాలి పట్టింపు తెలిశాక, అమ్మ మమ్మల్ని వెనక నుంచి పిలవదు. కీడు అని ఇప్పుడు తనే నలుగురికీ చెప్తోంది. అందుకని దుకాణం ముందు నిలబడి, నోరు గట్టిగా మూసుకుని, మేం పోయే వైపు చూస్తుంది. మేం నెమ్మదిగా నడుస్తాం. మలుపు దగ్గర చీరల దుకాణం గోడ ముందు ఆగి, ‘ఆఖరి మూడు రోజులు’ ఇంకా ఉందా లేదా చూసుకుంటాం. ఉంటుంది. మొన్న దానికి కొత్తగా ఇంకో పూత కూడా వేయించారు.

“పెరుగు గిన్నె మరిసిపోయినం గద?” అంటాడు మా ఆయన. ప్రతి ఆదివారం అదే గిన్నె, అదే బల్ల మీద, ఎవరూ చేతికివ్వకుండా ఉండిపోతుంది.

వెనక్కి తిరుగుతాం. అమ్మ అప్పటికే లోపలికి వెళ్లి స్టౌ వెలిగించి ఉంటుంది.

“నేను పిలవలే,” అంటుంది గిన్నెలో చక్కెర వేస్తూ. “మీ అంతల మీరే వచ్చిండ్రు. ఇగ వచ్చిండ్రు గాబట్టి, కూసోండ్రి. చాయ్ తాగి పోండ్రి.”